ఎవరి కోడి కూస్తే మనకు తెల్లవారాలి?

తన కోడి కూయనిదే, తన కుంపటిలో నిప్పు రాజనిదే ఊరికి తెల్లవారదని నమ్మిన అవ్వ కథ తెలుగువాడికి కొత్తది కాదు. అవ్వకు ఊరిమీద కోపం వచ్చింది. కోడినీ కుంపటినీ చంకన పెట్టుకొని ఊరి వెలుపలకు పోయి కూర్చున్నది. ఊరికి యథాప్రకారం తెల్లవారింది. ఈ కథ విని నవ్వుకొనే మనమే, అనువాదాల విషయం వచ్చేసరికి ఆ అవ్వ మాటను అక్షరాలా నమ్ముతున్నాము. వంగదేశంలో పొద్దు పొడిచినా, ఫ్రాన్సులో పొద్దు పొడిచినా, ఇంగ్లీషు కోడి కూసిన పిమ్మటనే మన సాహిత్యంలో తెల్లవారుతున్నది.

ఈ అలవాటు మీదనే నా ఫిర్యాదు. ఇంగ్లీషు మీద నాకు ద్వేషం లేదు. ఆ భాష మనకు చేసిన మేలు లెక్కకు మిక్కిలి. కాని ఒక మూలభాషకూ తెలుగుకూ మధ్య దానిని నిలబెట్టినప్పుడు, మనం పోగొట్టుకొనేది ఆ మూలభాష సొగసు మాత్రమే కాదు, తెలుగునే పోగొట్టుకొంటున్నాము. ఈ మాట రుజువు చేయడానికి అన్నిటికంటె సులభంగా అనువదింపదగినదని అందరూ అనుకొనే విషయాన్నే తీసుకొంటాను. అది వేకువ.

సూర్యుడు ఒక్కడే కదా, ఉదయించడం లోకమంతటా ఒకటే కదా, దానికి మాటలు వెదకడంలో కష్టమేమిటని అడగవచ్చు. బల్లను బల్ల అనడంలో కష్టం లేదు. కాని తెల్లవారడం వస్తువు కాదు, అదొక నడక. చీకటిలో మొదలై ఎండలో ముగిసే ఆ నడకను ఒక్కొక్క భాష ఒక్కొక్క చోట ఆపి పేరు పెడుతుంది. మన పల్లెలో వేగుచుక్క పొడవడం ఒక గడియ, తొలికోడి కూయడం మరొకటి. తూర్పు తెల్లబడడం వేరు, ఎర్రబడడం వేరు, పొద్దు పొడవడం వేరు. తెలంగాణంలో రైతు 'మబ్బుల లేచినాను' అంటే ఆకాశంలో మేఘమున్నదని కాదు. ఇంకా చీకటి విడవకముందే లేచినాడని. ఈ గడియలన్నిటికీ కలిపి నేటి అనువాదకుని వద్ద మిగిలినవి రెండే మాటలు: ఒకటి 'ఉదయం', రెండవది 'ఉషోదయం'. మొదటిది కథలలో వాడుతున్నాడు, రెండవది ఉపన్యాసాలలో వాడుతున్నాడు. ఏ సభకు పోయినా ఏదో ఒక నవయుగానికి ఉషోదయమవుతూనే ఉన్నది. అది ఇంగ్లీషు పత్రికల నుండి దిగుమతి అయిన ప్రభాతమని వినేవారికి తోచడం లేదు.

నేను పరుల తప్పులే ఎంచడం లేదు. కలకత్తాలో కొంతకాలం ఉన్న రోజులలో ఒక బెంగాలీ కథను తెలుగు చేయబూనుకొన్నాను. నాకు అప్పటికి బెంగాలీ చదవడం సరిగా రాదు కనుక ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టుకొన్నాను. కథలో ఒక స్త్రీ ఎవరి కంటా పడకుండా పుట్టింటిని విడిచి వెళ్ళిపోతుంది. ఇంగ్లీషులో ఆ వేళను 'డాన్' అన్నారు. నేను 'ఉదయాన్నే' అని వ్రాశాను. పొరుగున ఉన్న ఒక వృద్ధుడికి, పూర్వం బడిపంతులుగా పనిచేసిన బెంగాలీ పెద్దమనిషికి, నా అనువాదాన్ని నోటిమాటగా వివరించాను. ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "మీ కథలో ఆమె వెళ్ళే వేళకు వీధిదీపాలు ఆరిపోయినవా, వెలుగుతున్నవా?" నేను జవాబు చెప్పలేకపోయాను. మూలంలో ఉన్న మాట 'భోర్'. అది దీపాలు ఇంకా వెలుగుతున్న వేళ. నా తెలుగులోనేమో ఆమె పాలవాళ్ళ ముందు నుండి, వాకిళ్ళు ఊడ్చే ఇరుగుపొరుగు ముందు నుండి పట్టపగలు నడిచిపోయింది. కథకు ప్రాణమైన రహస్యం ఒక్క మాటతో చెడిపోయింది. 'వేకువ' అనే మాట నాకు తెలియనిదా? మా అమ్మ రోజూ వాడిన మాట. ఇంగ్లీషు ప్రతి నా ముందు ఉన్నంతసేపూ అది నాకు గుర్తు రాలేదు. నా ఫిర్యాదంతా ఇందులోనే ఉన్నది.

'భోర్' అంటే ఏమిటో నిఘంటువును అడగడం కంటె ఆ నగరాన్నే అడగడం మేలు. మహాలయ అమావాస్యనాడు కలకత్తాలో తెల్లవారుజామున 4 గంటలకు ఇంటింటా రేడియో మోగుతుంది. 1930ల తొలి సంవత్సరాలలో ఆకాశవాణి కలకత్తా కేంద్రం ఆరంభించిన 'మహిషాసురమర్దిని' కార్యక్రమం అది. రచన వాణీకుమార్, సంగీతం పంకజ్ మల్లిక్, పఠనం వీరేంద్రకృష్ణ భద్ర. 1976లో ఆ గొంతును తొలగించి ప్రసిద్ధ నటుడు ఉత్తమ్ కుమార్ చేత వేరొక కార్యక్రమం ప్రసారం చేయిస్తే జనం సహించలేదు. పాత గొంతు తిరిగి రావలసివచ్చింది. ఆ కార్యక్రమం మొదలయ్యేటప్పుడు ఆకాశంలో నక్షత్రాలుంటాయి. సుమారు గంటన్నర నడిచి ముగిసేసరికి ఆ ఋతువులో సూర్యోదయ వేళ అవుతుంది. బెంగాలీ శ్రోతకు అది మొదలయ్యేది 'భోర్'లో. అది ముగిసి, స్నానం చేసి, బజారుకు పోయే వేళ 'సకాల్'. ఈ రెంటినీ మనం 'ఉదయం' అంటే ఒక నగరం మేలుకొన్న గంటన్నరను చెరిపివేసినట్లు అవుతుంది. 'వేకువ' అనీ 'పొద్దున' అనీ అంటే చెరగదు. మందు మన ఇంట్లోనే ఉన్నది. మనం వైద్యునికోసం సముద్రం దాటిపోతున్నాము.

అయితే బెంగాలీకీ తెలుగుకూ సంస్కృతం ఉమ్మడి సొత్తు కనుక మూలంలో ఉన్న తత్సమాన్ని ఎత్తి ఇక్కడ పెడితే చాలునని ఎవరైనా అనుకొంటే, అదీ పొరపాటే. రవీంద్రనాథ్ ఠాకూర్ కలకత్తా సడ్డర్ వీధిలో 10వ నెంబరు ఇంటి వరండాలో నిలబడి, చెట్ల సందుల నుండి సూర్యుడు పైకి రావడం చూచి, కన్నుల ముందరి తెర తొలగినట్లయిందని తన 'జీవనస్మృతి'లో చెప్పుకొన్నారు. 1882 నాటి మాట. ఆ అనుభవం నుండి 'నిర్ఝరేర్ స్వప్నభంగ' పుట్టింది. అది చేరిన సంపుటం 1883లో వచ్చిన 'ప్రభాత సంగీత్'. అంతకు ముందరి సంపుటం పేరు 'సంధ్యా సంగీత్'. బెంగాలీలో సంధ్య అంటే సాయంకాలమే. మనకు సంధ్యలు రెండు: ప్రాతస్సంధ్య, సాయంసంధ్య. పొద్దున సంధ్య వార్చే ఇంట పెరిగిన తెలుగువాడు ఆ పేరును పేరుగానే దించుకొంటే, చీకటి నుండి వెలుగుకు సాగిన కవి ప్రయాణం అతనికి సగమే కనబడుతుంది. ఇల్లు ఒకటే అయినా గదులు వేరు. కనుక నేను కోరేది మాటకు మాట పెట్టడం కాదు. మాట చూపించే గడియను పట్టుకోవడం.

ఇంగ్లీషు మధ్యవర్తిత్వం ఎంత దూరం పోతుందో చూడాలంటే అదే కవి పుస్తకం చాలు. బెంగాలీ 'గీతాంజలి' 1910లో వచ్చింది. అందులో 157 గీతాలు. 1912లో లండనులో ఇండియా సొసైటీ ప్రచురించిన ఇంగ్లీషు 'గీతాంజలి'లో 103 వచన ఖండికలు. వాటిలో బెంగాలీ 'గీతాంజలి' నుండి వచ్చినవి సుమారు సగమే; తక్కినవి కవి ఇతర సంపుటాలవి. 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. అదే సంవత్సరం ఆంద్రే జీద్ ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని ఫ్రెంచిలోకి మార్చాడు. జీద్ గొప్ప రచయిత. తన భాషకు వన్నె తెచ్చినవాడు. కాని అతని ముందున్నది బెంగాలీ కాదు. బెంగాలీలో భోర్, ఉషా, ప్రభాత్, సకాల్ అని విడివిడిగా ఉన్న వేళలు ఇంగ్లీషులో చాలావరకు 'డాన్', 'మార్నింగ్' అనే రెండు గదులలో సర్దుకోవలసి వచ్చింది. ఫ్రెంచివాని వద్ద 'డాన్'కు రెండు మాటలున్నవి: 'ఓబ్', 'ఓరోర్'. మొదటిది ఆకాశం తెల్లబడే వేళ, రెండవది బంగారు ఎరుపు పారే వేళ. ముందున్న ఇంగ్లీషు మాట ఒక్కటే అయినప్పుడు ఈ రెంటిలో ఏది ఎన్నుకోవాలో అతనికి చెప్పేవారెవరు? బెంగాలీలో ఉన్న భేదం ఫ్రెంచిలోనూ ఉన్నది. ఆ రెంటి నడుమ దారిలో అది తప్పిపోయింది. ఉన్నవారి సొమ్ము ఉన్నవారికే చేరకపోవడమంటే ఇదే.

ఇక ఫ్రెంచి నుండి మనం తెచ్చుకొనే పుస్తకాలకు వస్తాను. ఇక్కడ మన దుస్థితి మరింత వింతగా ఉన్నది, ఎందుకంటే వేకువ విషయంలో ఫ్రెంచివాడు ఇంగ్లీషువానికంటె మనకు దగ్గర చుట్టం. 'ఓబ్' అనే మాటకు మూలం 'తెల్లని' అనే అర్థమిచ్చే లాటిను పదం. మన 'తెల్లవారు' అచ్చంగా అదే చూపు. పొద్దు తొలిసారి తొంగిచూచే గడియను ఫ్రెంచివారు 'ప్వాఁ ద్యూ జూర్' అంటారు. పొడవడం, గుచ్చడం అనే క్రియ నుండి వచ్చిన పలుకుబడి. మన 'పొద్దుపొడుపు' దానికి అద్దంలో నీడ. ఇంగ్లీషువాడు 'డే బ్రేక్' అంటాడు. అతని పగలు విరుగుతుంది. విరగడం తప్పని అనను, అది అతని చూపు. కాని ఫ్రెంచివాడు పొడుస్తుందన్న పొద్దును ఇంగ్లీషువాని చేత విరిపించి, ఆ ముక్కలను తెచ్చుకొని మనం 'ఉదయం' అని అతికించుకోవడం ఏమి న్యాయం? ఫ్రెంచి 'క్రెప్యుస్క్యూల్' మన సంధ్యవలెనే రెండు పూటలకూ చెల్లుతుంది. 1835లో విక్టర్ హ్యూగో తన సంపుటానికి ఆ పేరు పెట్టింది, తన కాలం తెల్లవారుతున్నదో చీకటిపడుతున్నదో తెలియని సందిగ్ధాన్ని తెలుపడానికే. ఆ సందిగ్ధం తెలుగులో 'సంధ్య' అన్న ఒక్క మాటతో దక్కుతుంది.

హ్యూగో పేరు చెప్పిన పిమ్మట కలకత్తాలోని రాంబాగాన్‌ను తలచుకోకుండా ఉండలేను. అక్కడి దత్తు కుటుంబపు అక్కచెల్లెళ్ళు అరూ, తోరూ 1869లో తండ్రి గోవిన్‌చంద్ర దత్తుతో ఐరోపాకు పోయి, నీస్ పట్టణంలో ఫ్రెంచి నేర్చి, 1873లో తిరిగివచ్చారు. మరుసటి సంవత్సరమే అరూ క్షయరోగంతో కన్నుమూసింది. ఫ్రెంచి కవుల రచనలను ఇంగ్లీషు చేసిన వారి సంపుటం 1876లో కలకత్తా శివారు భవానీపురంలో అచ్చయింది. దాని వెల తెలిసిన ఎడ్మండ్ గాస్ లండనులో దానిని లోకానికి చాటాడు. ఆయనను మొదట ఆకట్టుకొన్నది హ్యూగో ప్రభాతగీతానికి అరూ చేసిన అనువాదం. హ్యూగో ఆ గీతాన్ని 'ఓబ్'తోనే మొదలుపెట్టాడు: వేకువ వచ్చింది, ప్రియురాలి తలుపు మాత్రం మూసే ఉన్నది. అరూ ఆ మాటకు నిఘంటువులోని ప్రతిపదాన్ని పెట్టలేదు. దూరపు తూర్పు దిక్కు వెలగడాన్ని చూపించింది. తెలుపు కాస్త ఎరుపుకు జరిగిందని మనం అనవచ్చు. కాని ఏమి జరుపుతున్నదో ఆమెకు తెలుసు. మూలం ఆమె చేతిలో ఉన్నది. తెలిసి చేసిన మార్పు అనువాదకుని హక్కు. తెలియక జరిగిన మార్పు నష్టం. ఇరవై ఏళ్ళు నిండీ నిండని ఆ బాలిక తన నగరంలో కూర్చుని చేసిన పనిని, ఇన్ని సంస్థలూ ఇన్ని గ్రంథాలయాలూ ఉన్న మనం చేయలేమా?

పలుకుబడులలో ఈ నష్టం ఇంకా బాహాటంగా కనబడుతుంది. పెందలకడ లేవడాన్ని ఇంగ్లీషువాడు తెల్లవారుజాము చిట్లిన వేళ లేవడమంటాడు. ఫ్రెంచివాడు 'పొత్రోఁ మినే' వేళ అంటాడు. పిల్లి వెనుకభాగం కంటికి ఆనే వేళ అని దాని భావం. అంతకు పూర్వరూపంలో పిల్లికి బదులు ఉడుత ఉండేది. తెలుగువాడు 'కోడి కూయగానే' అంటాడు, 'చీకటితోనే లేచి' అంటాడు. చిట్లడం నుండి పిల్లిని పుట్టించలేము, పిల్లి నుండి కోడిని పుట్టించలేము. ముగ్గురూ కళ్ళు తెరిచి తమ పెరట్లోకి చూచారు. ఎవరి పెరట్లో ఉన్నది వారు చెప్పారు. అనువాదకుడు కూడా పెరట్లోకి చూడాలి కాని పొరుగువాని కాగితంలోకి కాదు.

ఒక విషయం హఠాత్తుగా బోధపడడాన్ని ఇంగ్లీషువాడు 'తనమీద తెల్లవారింది' అనే ధోరణిలో చెబుతాడు. ఫ్రెంచిలో ఆ వేకువ నిలవదు. అతడు తనకు తాను లెక్క చెప్పుకొన్నానంటాడు. తెలుగులోనో? 'నాకు తెల్లమైంది' అంటాము. తెల్ల, తెలి, తెలియు, తెలివి అన్నీ ఒక్క కుదుటి మాటలు. వెలుగు రావడాన్నీ అర్థం కావడాన్నీ మన భాష మొదటినుండీ ఒకే వేరుకు కట్టింది. మరి మన అనువాదాలలో ఎక్కడైనా ఎవరికైనా ఏదైనా తెల్లమవుతున్నదా? 'అతనికి ఒక్కసారిగా గ్రహింపు కలిగింది' అని వ్రాస్తున్నాము. మరొకవైపు, 'వాడి బతుకు తెల్లారింది' అంటే వాడి పని ముగిసిందని కూడా మనకు తెలుసు. తెల్లవారడంలో ఆశనూ వినాశాన్నీ రెండింటినీ ఇముడ్చుకొన్న జాతి, ఎల్లకాలం ఆశావాదపు ఉషోదయంతోనే సరిపెట్టుకోవడం విచారకరం.

నా వాదానికి ఎదురుగా మూడు మాటలు వినబడుతున్నవి. మొదటిది: రవీంద్రుడు స్వయంగా ఇంగ్లీషు చేసినప్పుడు అంతకంటె ప్రమాణమేమున్నది? జవాబు సులభం. ఇంగ్లీషు 'గీతాంజలి' ఆయన వ్రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం. దానిని తెలుగు చేయడం తప్పు కాదు. దానిని బెంగాలీ 'గీతాంజలి' అని చెప్పుకోవడం తప్పు. రెండవది: బెంగాలీ, ఫ్రెంచి వచ్చిన తెలుగువారు ఎక్కడున్నారు? చక్రపాణి బెంగాలీ నేర్చి శరత్ నవలలను తెనిగించారు. శరత్‌ను తెలుగు రచయితే అనుకొన్న పాఠకులు ఉండేవారు. బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనంలో చదివి రవీంద్రుని రచనలను మూలం నుండి తెచ్చారు. ఫ్రెంచి మాటకు వస్తే, తెలుగువారి యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్నది. కలకత్తా పక్కన చందన్‌నగర్ 1950 దాకా అట్లాగే ఉన్నది. రవీంద్రుని అన్న జ్యోతిరింద్రనాథ్ మోలియేర్ నాటకాన్ని ఫ్రెంచి నుండి నేరుగా బెంగాలీలోకి తెచ్చి 1884లో 'హఠాత్ నవాబ్' అని పేరు పెట్టాడు. ఫ్రెంచి పాలకుల క్రింద రెండు శతాబ్దాలకు పైగా ఒక తెలుగు ఊరు ఉండి కూడా, ఫ్రెంచి పుస్తకం మనకు లండను మీదుగా రావడం కంటె సిగ్గుచేటు వేరొకటి లేదు.

మూడవ మాట బరువైనది. మూలభాష నేర్చినవారి కోసం కాచుకొని కూర్చుంటే పాఠకునికి ఏ పుస్తకమూ అందదు కదా? నిజమే. జీద్ కాచుకొని ఉంటే ఫ్రాన్సుకు రవీంద్రుడు ఆనాడు అందేవాడు కాడు. అందుకే నేను ఇంగ్లీషు దారిని మూసివేయమనడం లేదు. ఆ దారిన వచ్చినవారు ఆ మాట ముఖపత్రం మీద ఒప్పుకోవాలంటున్నాను. ఇంగ్లీషు ప్రతి నుండి పనిచేసే అనువాదకుడు, అచ్చుకు ముందు, మూలభాష తెలిసిన ఒకరి పక్కన కూర్చుని పుస్తకాన్ని ఒకసారి చదివించుకోవాలంటున్నాను. ఆ వృద్ధుడు నన్ను అడిగిన వంటి ప్రశ్న ఒక్కటి చాలు, ఒక కథ బ్రతుకుతుంది. అన్నిటికీ మించి, అనువాదకుడు ఇంగ్లీషు మాటను చూచిన వెంటనే తెలుగు మాట వెదకకుండా, ఆ వేళకు ఆకాశం ఏ రంగులో ఉన్నదో, వీధిలో ఎవరు తిరుగుతున్నారో, ఏ పిట్ట కూస్తున్నదో ముందు చూచుకోవాలంటున్నాను. అది చూచినవానికి మబ్బు, వేకువ, వేగుజాము, తెలతెలవారడం, పొద్దుపొడుపు, పొద్దుగాల అన్నీ వాటంతట అవే వచ్చి నిలబడతవి. చూడనివానికి ఉదయమే గతి.

చివరగా ఒక్క మాట. 'అమరకోశం'లో ప్రభాతానికి చెప్పిన పేర్లలో 'కల్యం' ఒకటి. బెంగాలీవాడు రేపటి రోజును 'కాల్' అనేది దానినుండే. ఫ్రెంచివాడు 'దమెఁ' అన్నా, ఇంగ్లీషువాడు 'టుమారో' అన్నా, లోపల ఉన్నది ఉదయమే. మన 'రేపు'కు కూడా తొలి అర్థం ప్రభాతమే. పాత కావ్యాలలో 'రేపకడ' అంటే వేకువవేళ. రాబోయే రోజును తెల్లవారడంతో కొలవడం నాలుగు భాషల వారికీ ఎవరూ నేర్పకుండానే వచ్చింది. అట్టి చోట ఒకరి కోడిని మరొకరు అరువు తెచ్చుకోవలసిన పని లేదు. ఇంగ్లీషు కోడి తన ఊరిలో చక్కగా కూయనీ. మన పెరటి కోడి గొంతు ఎత్తి చాలాకాలమైంది. దానిని లేపితే చాలును.